ఫ్రెంచ్‌లోని అరువు క్రియలను సిలబుల్స్‌గా విడదీసి సరిగ్గా పలకడం ఎలా?

ఫ్రెంచ్ నేర్చుకునే తెలుగువారిని ఎక్కువగా తడబడేలా చేసేవి ఆ భాషకు సొంతమైన పాత క్రియలు కావు. ఇంగ్లీషు నుంచి వచ్చి చేరినవి, అందువల్ల మనకు ముందే తెలుసని మనం అనుకునేవి. ఇంటర్మీడియెట్‌లో రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకున్నవారైనా, కెనడా వెళ్లడానికి టెఫ్ అనే ఫ్రెంచ్ భాషా పరీక్షకు తయారవుతున్నవారైనా అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: ‘లైక్ తెలుసు, స్కాన్ తెలుసు, కాని వాటి చివర ఇ, ఆర్ అక్షరాలు చేరాక లైకర్ అనాలా, లికే అనాలా, మరొకటి అనాలా? అందులో సిలబుల్స్ ఎన్ని?’ జవాబు ‘లై-కే’, రెండు సిలబుల్స్, అంటే ఒక్కో అచ్చు చుట్టూ ఒకే ఊపులో పలికే రెండు ముక్కలు. ఆ జవాబుకు ఎలా చేరాలో, తెలియని క్రియ ఎదురైనప్పుడు మీ అంతట మీరే ఎలా తేల్చుకోవాలో ఈ వ్యాసం చెబుతుంది.

సిద్ధాంతం ఒక్క పేరాకు మించి అక్కరలేదు. మనం ఇంగ్లీషు మాటను అరువు తెచ్చుకున్నప్పుడు దాని పక్కన ‘చేయు’ పెట్టి లైక్ చేయడం, స్కాన్ చేయడం అంటాం; మాట ఒకటి, క్రియ ఒకటి విడివిడిగా ఉంటాయి. ఫ్రెంచ్ అలా చేయదు, ప్రత్యయాన్ని నేరుగా మాటకే అతికిస్తుంది. మనకూ ఆ పద్ధతి కొత్తది కాదు, ఉర్దూ నుంచి వచ్చిన దబాయించు, సతాయించు వంటి మాటల్లో ‘ఇంచు’ చేసే పని అదే. ఫ్రెంచ్‌లో ఆ ‘ఇంచు’ స్థానంలో ఉండేది ఇ-ఆర్ అనే తోక. కొత్తగా అరువు వచ్చే క్రియలు దాదాపు అన్నీ ఈ తోకతోనే, అంటే మొదటి వర్గపు క్రియలుగానే స్థిరపడతాయి. కాబట్టి మీ ముందున్న మాటలో శరీరం పరాయిది, తోక ఫ్రెంచ్‌ది. తప్పులన్నీ ఈ రెంటినీ ఒకే కొలతతో కొలవడం వల్ల వచ్చేవే.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, పెన్సిలు, గొంతు రికార్డు చేసే ఫోను, ఉచ్చారణ చూపే ఒక ఫ్రెంచ్ నిఘంటువు. లారూస్ ఆన్‌లైన్ నిఘంటువులో చాలా మాటలకు ధ్వని వినిపిస్తుంది. ఫ్రెంచ్ విక్షనరీలో ఉచ్చారణను సిలబుల్స్ మధ్య చుక్కలు పెట్టి చూపిస్తారు కాబట్టి మన పనికి అది మరింత అనువైనది. వీటికి తోడు వెడల్పు తక్కువగా ఉన్న ఒక పలుచటి కాగితపు ముక్కను దగ్గర ఉంచుకోండి, దానితో పని చివర్లో వస్తుంది.

తెలుగు లిపిలో ఫ్రెంచ్ శబ్దాలను రాయడానికి ఇక్కడ నేను పాటించిన పద్ధతిని ముందు గమనించండి.

‘ఁ’, అంటే మన పాత అరసున్న, ముక్కుతో పలికే అచ్చును సూచిస్తుంది. ‘ఎఁ’ అని ఉంటే ‘ఎ’ను ముక్కుతో పలకాలి గాని, దాని తర్వాత ‘న్’ గాని ‘మ్’ గాని వినిపించకూడదు.

‘ఎ°’ అని ఉంటే నాలుకతో ‘ఎ’ అంటూ పెదవులను ‘ఒ’ కోసం చుట్టినట్టు గుండ్రంగా ఉంచాలి.

‘ర’ అని రాసిన ప్రతిచోటా నాలుక కొనతో పలికే మన రేఫ కాదు, గొంతులోంచి వచ్చే రాపిడి. హైదరాబాద్ ఉర్దూ విన్నవారు ‘గరీబ్’ అనే మాటను వారు మొదలుపెట్టే తీరును తలచుకుంటే ఆ శబ్దం దగ్గరకు వచ్చినట్టే.

‘ఏ’, ‘ఆ’ గుర్తులు అచ్చు రంగును చూపడానికే, పొడవును చూపడానికి కాదు. ‘లై-కే’లోని ‘కే’ను సాగదీయకండి.

1. శరీరాన్ని, తోకను గీత గీసి వేరు చేయండి

క్రియను రాసుకొని చివరి ఇ-ఆర్ ముందు నిలువు గీత గీయండి. మాట రూపం మారినా ఇదే పని: వర్తమానంలో ఇ, ఇ-ఎస్, ఇ-ఎన్-టి, బహువచన ఉత్తమ పురుషలో ఒ-ఎన్-ఎస్, మధ్యమ పురుషలో ఇ-జెడ్. గీతకు కుడివైపున ఉన్నదంతా ఫ్రెంచ్ నియమాల ప్రకారం, ఎడమవైపున ఉన్నది దాదాపుగా అరువిచ్చిన భాష శబ్దం ప్రకారం పలుకుతాం.

కొన్నిచోట్ల శరీరానికి, తోకకు మధ్య ఒక అదనపు అక్షరం కనబడుతుంది. ‘బ్లాగు రాయు’ అనే క్రియలో జి తర్వాత ఒక యు ఉంటుంది. ఫ్రెంచ్‌లో ఇ ముందు జి వస్తే అది ‘గ’గా పలకదు, దాన్ని ‘గ’గానే నిలబెట్టడానికి పెట్టిన కాపలా అక్షరం ఆ యు. దానికి సొంత శబ్దం లేదు. కాబట్టి అది ‘బ్లొ-గే’, రెండే సిలబుల్స్. ‘బ్లొ-గు-యే’ అని మూడు చేయకండి.

2. ముందు తోకను పలకడం నేర్చుకోండి

ఇది సులువైన భాగం, కాని సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఇ-ఆర్ తోకను ‘ఏ’ అని పలకాలి, ఆర్ మూగది. ‘లైక్ చేయడం’, ‘లైక్ చేసిన’, ‘మీరు లైక్ చేస్తారు’ అనే మూడు రూపాలు రాతలో మూడు రకాలుగా ఉన్నా మాటలో ఒక్కటే: లై-కే. ‘నేను’, ‘నువ్వు’, ‘అతను’, ‘వాళ్లు’ అనే కర్తలతో వర్తమానంలో వచ్చే తోకలన్నీ పూర్తిగా మూగవి. నాలుగు చోట్లా వినిపించేది ‘లైక్’ అనే ఒకే సిలబుల్.

హెచ్చరిక: ‘వాళ్లు’ రూపం చివర ఉండే ఇ-ఎన్-టిని చూసి ‘లైకెంట్’ అనడం మనవాళ్లలో అతి సాధారణం. అలా అంటే వినేవారికి అది క్రియ అనే తోచదు. ఆ మూడు అక్షరాలను పెన్సిలుతో కొట్టేసి చదవడం మొదటి నెల రోజులు అలవాటు చేసుకోండి.

రెండో హెచ్చరిక మన భాష అలవాటుకు సంబంధించినది. తెలుగు మాట అచ్చుతో ముగియాలని కోరుకుంటుంది. బస్సు, కారు, రోడ్డు అన్నీ అలా అయినవే. అదే చెవితో ‘లైక్’ చివర చిన్న ‘ఉ’ చేర్చి ‘లైకు’ అంటే ఒక సిలబుల్ రెండవుతుంది, సిలబుల్ లెక్క మొత్తం చెడుతుంది. ‘క్’ దగ్గర ఆపేయండి.

3. శరీరంలోని హల్లులను తేల్చండి

ఇంగ్లీషు మాటల్లోని టి, డి అక్షరాలను మనం ట, డ అని వింటాం, అలాగే రాస్తాం. టెస్ట్, స్టాప్, డీల్ అన్నీ అలా వచ్చినవే. ఫ్రెంచ్‌వారు అవే మాటలను అరువు తెచ్చుకొని త, ద అని పలుకుతారు, ఎందుకంటే వారి టి, డి దంత్యాలు. కాబట్టి ఆ క్రియలు ‘తెస్-తే’, ‘స్తొ-పే’, ‘ది-లే’ అవుతాయి. తెలుగువారికి ఇది నిజానికి వరం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఈ దంత్య త, ద శబ్దాలు ఎంత సాధన చేసినా సులభంగా రావు. మనకు అవి పుట్టుకతోనే ఉన్నాయి, కాని ఇంగ్లీషు గుర్తుకు రాగానే మనమే వాటిని వదిలేసి ట, డలకు పోతాం. అరువు క్రియలో ట, డ వినిపిస్తే అది మీ తప్పని వెంటనే గుర్తించండి, మినహాయింపు లేదు.

ఒత్తు పలకనివ్వకండి. ఫ్రెంచ్ ప, త, క శబ్దాలు మన వాటిలాగే గాలి లేనివి. ఇంగ్లీషువారిలా ‘ఖిడ్‌న్యాప్’ అన్న ఛాయ రాకూడదు, ‘కిద్-నా-పే’ అనాలి.

హెచ్ మూగది. ‘హ్యాక్ చేయు’ అనే క్రియ ‘ఆ-కే’. అయితే ఈ హెచ్ వినబడకపోయినా అక్కడ ఒక అడ్డుగోడలా నిలబడుతుంది: ముందున్న ‘నేను’ అనే మాటలోని అచ్చు లోపించదు, ముందు మాట చివరి హల్లు దీనిలోకి దూకదు.

సి-హెచ్ విషయంలో మాట వయసు చూడాలి. పాత అరువుల్లో దాన్ని ఫ్రెంచ్ పద్ధతిలో ‘ష’ అని చదువుతారు: మూక కలిసి చంపడాన్ని చెప్పే క్రియ ‘లెఁ-షే’. కొత్త అరువుల్లో ఇంగ్లీషు ‘చ’ అలాగే నిలుస్తుంది: ‘చెక్ చేయు’ అనేది ‘చే-కే’. ఎస్-హెచ్ ఎప్పుడూ ‘ష’యే: ‘క్రా-షే’, ‘షు-తే’.

జంట హల్లులు ఉన్నచోట ఒక్కదాన్నే పలకండి. తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇది. మన భాషలో ‘గడి’ వేరు, ‘గడ్డి’ వేరు. రెండు అక్షరాలు కంటబడితే మన నాలుక తనంతట తాను నొక్కి పలుకుతుంది. ఫ్రెంచ్ అరువు క్రియల్లో శరీరం చివర ఎన్-ఎన్, పి-పి, టి-టి, ఎఫ్-ఎఫ్ జంటగా రావడం మామూలు. అవి రాతకే పరిమితం. ‘స్కా-నే’ అనాలి, ‘స్కాన్నే’ కాదు. ‘బొయ్-కొ-తే’ అనాలి, ‘బాయ్‌కాట్టే’ కాదు.

4. శరీరంలోని అచ్చులను తేల్చండి

ఇక్కడ పూర్తిగా నియమం మీద ఆధారపడలేం, కాని చాలా మాటలు కింది వరుసల్లో ఇమిడిపోతాయి. రెండు ఒలు కలిసి ఉంటే ‘ఉ’: బుస్-తే, షు-తే, ర-లు-కే (ఒకరి రూపురేఖలను కొత్తగా తీర్చిదిద్దడం). ఇ-ఎ గాని ఇ-ఇ గాని ఉంటే ‘ఇ’: ది-లే, త్వి-తే, స్త్రి-మే. ఇంగ్లీషులో యు అక్షరం ‘అ’ లాంటి శబ్దం ఇచ్చే చోట ఫ్రెంచ్‌లో చాలాసార్లు ‘ఎ°’ వస్తుంది: సె°ర్-ఫే, బ్లె°-ఫే, ఐ-ఆర్ ఉన్న ‘ఫ్లె°ర్-తే’ కూడా అంతే. ఎ అక్షరం ‘ఆ’ అవుతుంది, ఇంగ్లీషువారి ‘యా’ ఛాయ ఉండదు. ఒ-ఐ ఉన్న ‘స్పాయిల్’ అనేది ‘స్పొయ్-లే’, ఎందుకంటే అక్కడ ఇంగ్లీషు శబ్దమే నిలిచింది. ఫ్రెంచ్ పద్ధతిలో ఒ-ఐని ‘వా’ అని చదివితే ‘స్ప్వాలే’ అవుతుంది, అది తప్పు.

ముక్కు అచ్చు వస్తుందా రాదా అన్నది అందరూ తడబడే చోటు. పాతగా జీర్ణమైన మాటలో వస్తుంది: లెఁ-షే. ఇంగ్లీషు మాటయినా లాటిన్ ముఖం ఉన్నదాన్ని ఫ్రెంచ్ తన సొంత మాటలాగే చదువుకుంటుంది: ‘అమలు చేయు’ అనే సాంకేతిక క్రియ ‘ఎఁ-ప్లే-మాఁ-తే’, ‘ఇంటర్వ్యూ చేయు’ అనేది ‘ఎఁ-తెర్-వ్యు-వే’. అచ్చమైన ఇంగ్లీషు ముఖం ఉన్నదాంట్లో రాదు: వేగంగా పరుగెత్తడాన్ని చెప్పే క్రియ ‘స్ప్రిన్-తే’, అక్కడ ‘న్’ స్పష్టంగా వినిపించాలి. అనుమానం ఉంటే నిఘంటువు చూడటమే దారి, ఊహించకండి.

5. చెవితో విడదీయండి

ఇప్పటిదాకా చేసినది ముడిసరుకు. ఇప్పుడు పలికిన రూపాన్ని, రాసిన రూపాన్ని కాదు, ముక్కలు చేయండి. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త కాదు. ‘కర్త’ అని రాసేటప్పుడు క, ర్త అని విడిపోయినా, పలికేటప్పుడు కర్-త అని విడిపోతుంది, అందుకే ‘క’ గురువు అవుతుంది. కన్ను ఒకటి చెబుతుంది, చెవి మరొకటి చెబుతుంది. గణాలు చెవి మాటే వింటాయి. ఫ్రెంచ్‌లోనూ చెవి మాటే వినండి.

అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి సిలబుల్‌కు పోతుంది. స్కా-నే, స్తొ-పే, ది-లే, చే-కే, ఆ-కే. ఇంగ్లీషులో ఆ హల్లు మొదటి ముక్కకు అంటుకొని ఉంటుంది కాబట్టి ‘స్కాన్-ఏ’ అని మధ్యలో ఆగి పలకడం జరుగుతుంది. ఒకటో మెట్టులో గీసిన గీత రూపం తెలుసుకోవడానికే గాని ఆగడానికి కాదు. శరీరం, తోక కలిసే ఆ చోటే ఫ్రెంచ్ సిలబుల్ పుడుతుంది, శరీరం చివరి హల్లు తోకకు తల అవుతుంది.

రెండు హల్లులు ఉంటే ఒకటి అటు, ఒకటి ఇటు. బుస్-తే, సె°ర్-ఫే, కిద్-నా-పే, పొద్-కాస్-తే, ఫొర్-వార్-దే.

అయితే రెండో హల్లు ర గాని ల గాని అయి, మొదటిది ప, బ, త, ద, క, గ, ఫ, వ లలో ఒకటైతే ఆ జంటను సాధారణంగా విడదీయరు (త్ల, ద్ల జంటలు దీనికి వెలుపల). గూగుల్‌లో వెతకడాన్ని చెప్పే క్రియ ‘గు-గ్లే’, ‘గుగ్-లే’ కాదు. బంతిని కాలితో తడుతూ తీసుకుపోవడం ‘ద్రి-బ్లే’. పని ముగిశాక వివరాలు అడిగి తెలుసుకోవడం ‘దే-బ్రి-ఫే’. ‘అద్రుచు’ వంటి అచ్చతెలుగు మాటల్లో రేఫను తేల్చి పలికి ముందు అక్షరాన్ని లఘువుగా ఉంచే వెసులుబాటు మన ఛందస్సులోనూ ఉంది, దాన్ని తలచుకుంటే ఈ నియమం పట్టుబడుతుంది.

మాట మొదట ఎన్ని హల్లులు ఉన్నా అవి మొదటి సిలబుల్‌వే. స్క్వా-తే, స్త్రే-సే, స్ప్రిన్-తే అన్నీ రెండేసి. ‘ఇస్కూలు’ అనే నోటికి ‘ఇస్-కా-నే’ అనడం సహజంగా వచ్చేస్తుంది, అది మూడైపోతుంది. దాన్ని సరిదిద్దడానికి ఒక చిట్కా: ముందు ‘స్స్స్’ అని రెండు క్షణాలు పాము బుసలా సాగదీసి, ఆపకుండా ‘కా-నే’లోకి వెళ్లండి. పదిసార్లు అయ్యాక ఆ బుసను తగ్గించుకుంటూ రండి.

‘య్’ శబ్దం అచ్చు తర్వాత వస్తే అది ఆ సిలబుల్‌ను మూసే హల్లుగానే లెక్క: బొయ్-కొ-తే మూడు, స్పొయ్-లే రెండు, లై-కే రెండు. మొదటి మాటకు మూలమైన ఐర్లాండ్ ఎస్టేటు అధికారి చార్లెస్ బాయ్‌కాట్ 1880లో వెలికి గురై వార్తలకెక్కాడు. ఆ పేరునే మనం ‘బాయ్‌కాట్ చేయడం’ అని విడిగా ఉంచుకున్నాం, ఫ్రెంచ్‌వారు తోక తగిలించుకున్నారు.

అరువు అంతా ఇంగ్లీషు నుంచే రాదు. ‘ఎంతో ఇష్టపడు’ అనే అర్థంలో యువతరం వాడే ‘కి-ఫే’ అరబీ మాట నుంచి వచ్చింది, మన ‘కైపు’ కూడా ఆ మాట చుట్టమే. దొంగిలించడాన్ని చెప్పే ‘షు-రే’, ‘షు-రా-వే’ రోమానీ భాష నుంచి వచ్చాయి. ఆ భాష మూలం భారతదేశమే కనుక అందులోని ధాతువు సంస్కృత ‘చోర’ శబ్దానికి బంధువు. ఇవన్నీ అవే నియమాలకు లోబడతాయి. ‘కిఫ్ఫే’ అని ఒత్తకండి.

6. భవిష్యత్ రూపంలో మధ్యనున్న ఇను లెక్కపెట్టండి

వర్తమానం వచ్చాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు భవిష్యత్ రూపంలో ఉంది, ఎందుకంటే అక్కడ ఇ-ఆర్ తర్వాత మళ్లీ ఎ-ఐ వంటి ప్రత్యయం చేరి, మధ్యలో చిక్కుకున్న ఇ కొన్నిసార్లు పలుకుతుంది, కొన్నిసార్లు పలకదు. దాని ముందు ఎన్ని హల్లు శబ్దాలు ఉన్నాయో లెక్కపెట్టండి.

ఒకటే ఉంటే ఆ ఇను మింగేయవచ్చు. ‘లైక్ చేస్తాను’ అనేది ‘లై-క్రే’, ‘స్కాన్ చేస్తాను’ అనేది ‘స్కాన్-రే’, రెండేసి సిలబుల్సే. రాతలో రెండు ఎన్‌లు ఉన్నాయి కదా అని ‘స్కా-న-రే’ అని సాగదీయనక్కరలేదు, శబ్దం ఒక్కటే.

రెండు ఉంటే జాగ్రత్తగా మాట్లాడేటప్పుడు ఇను ‘అ’ లాంటి తేలిక అచ్చుగా ఉంచండి: సె°ర్-ఫ-రే, బుస్-త-రే, ఫొర్-వార్-ద-రే. వేగంగా మాట్లాడే ఫ్రెంచ్‌వారు దీన్నీ మింగేయడం వినిపిస్తుంది, కాని నేర్చుకునేవారు ఉంచడమే మేలు. ఉంచితే ఎవరూ తప్పు పట్టరు.

ఆ రెంటిలో చివరిది ల అయి, ముందున్న హల్లుతో విడదీయరాని జంటగా ఉంటే ఎప్పుడూ ఉంచవలసిందే: గు-గ్ల-రే, ద్రి-బ్ల-రే. అక్కడ ఇ తీసేస్తే నోరు తిరగదు.

షరతును చెప్పే రూపంలో ‘మేము’ కర్తగా ఉన్నప్పుడు ఒక హల్లే ఉన్నా ఇ నిలుస్తుంది: లై-క-ర్యోఁ, మూడు సిలబుల్స్. దక్షిణ ఫ్రాన్స్ యాసలో మాత్రం మిగిలినవారు మింగేసే ఇలు చాలావరకు వినిపిస్తాయి. అక్కడివారి మాట విని మీ లెక్క తప్పిందని కంగారు పడకండి.

7. పక్క మాటతో కలిపి మళ్లీ విడదీయండి

ఫ్రెంచ్ సిలబుల్ మాట సరిహద్దును గౌరవించదు. ‘అతను ఇంటర్వ్యూ చేస్తాడు’ అనే వాక్యంలో సర్వనామం ‘ఇల్’, క్రియారూపం ‘ఎఁ-తెర్-వ్యువ్’, కలిపితే ‘ఇ-లెఁ-తెర్-వ్యువ్’. ల హల్లు ముందు మాటను వదిలి వెనక మాటలోకి వెళ్లింది. ‘వాళ్లు’ అయితే సర్వనామం చివరి ఎస్ మేలుకొని, ఇంగ్లీషు జెడ్ శబ్దంతో క్రియకు అతుక్కుంటుంది: ‘ఇల్-జెఁ-తెర్-వ్యువ్’. ‘వాడు-అతడు’ సంధి కలిసి ‘వాడతడు’ అయినప్పుడు మనమూ మాట మధ్యలో ఆగము కదా, అదే తీరు.

హెచ్ అడ్డుగోడ ఉన్న ‘ఆ-కే’ క్రియకు ఇది వర్తించదు. ‘వాళ్లు హ్యాక్ చేస్తారు’ అనేది ‘ఇల్-ఆక్’, అక్కడ జెడ్ శబ్దం రాకూడదు.

నొక్కు ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు చిన్నది: పదబంధంలో చివరి సిలబుల్ మీద, అదీ తేలికగా. ఇంగ్లీషు మాటలో ముందున్న నొక్కును మోసుకురాకండి.

8. క్రియా, నామవాచకమా తేల్చుకోండి

రాతలో ఒకేలా ఉండి మాటలో వేరయ్యే జంటలు ఇక్కడ ప్రమాదకరం. ఇ-ఆర్ చివర ఉన్న మాట క్రియ అయితే ‘ఏ’. ఇంగ్లీషు నుంచి నేరుగా వచ్చిన నామవాచకం అయితే ‘ఎర్’ గాని ‘ఎ°ర్’ గాని అవుతుంది. స్కానింగు యంత్రం ‘స్కా-నెర్’, స్కాన్ చేయడం ‘స్కా-నే’. మత్తుమందు అమ్మేవాడు ‘ది-లె°ర్’, అమ్మడం ‘ది-లే’. హ్యాకింగ్ చేసేవాడు ‘ఆ-కె°ర్’, చేయడం ‘ఆ-కే’. పిన్‌బాల్ ఆట బల్ల ‘ఫ్లి-పె°ర్’, బెంబేలెత్తిపోవడం ‘ఫ్లి-పే’. లోదుస్తు గాని కుక్కజాతి గాని ‘బొక్-సెర్’, ముష్టియుద్ధం చేయడం ‘బొక్-సే’.

ముందు ల, ఎఁ వంటి ఆర్టికల్ (ఇంగ్లీషు ‘ది’, ‘ఎ’ లాంటి పదం) ఉంటే నామవాచకం. ముందు సహాయక క్రియ గాని, ‘ద’ వంటి విభక్తి పదం గాని ఉంటే క్రియ అయ్యే అవకాశం ఎక్కువ. ఈ గందరగోళం ఫ్రెంచ్‌వారికీ ఉంది. 1990 డిసెంబరు 6న వారి అధికార గెజిట్‌లో వెలువడిన వర్ణక్రమ సవరణలు, అదే రూపంలో క్రియ ఉన్న చోట నామవాచకాన్ని ఇ-యు-ఆర్‌తో రాయడం మేలని సూచించాయి. రెండు రాతలూ వాడుకలో కనబడతాయి.

9. పంక్తి చివర విడదీయవలసి వస్తే చెవిని పక్కన పెట్టండి

చేత్తో రాసేటప్పుడు మాట పంక్తి చివర తెగితే మాత్రం కన్ను నియమాలు వర్తిస్తాయి. జంట హల్లుల మధ్య గీత పెట్టాలి: స్కానర్ మాటలో ఎస్-సి-ఎ-ఎన్ ఈ పంక్తిలో, ఎన్-ఇ-ఆర్ తర్వాతి పంక్తిలో. పలికేటప్పుడు ఒక్కటైన ఎన్ ఇక్కడ రెండుగా విడిపోతుంది. సి-హెచ్, ఎస్-హెచ్, జి-యు జంటలను తెంచకూడదు. రెండు అచ్చుల మధ్య ఎక్స్ ఉంటే దానికి ముందు గాని వెనుక గాని తెంచరు; అందువల్ల ముష్టియుద్ధపు క్రియను నోటితో ‘బొక్-సే’ అని రెండు చేయగలిగినా పంక్తి చివర అసలు విరవలేం. ఒంటరి అక్షరాన్ని వదిలి వెళ్లడమూ కుదరదు. పరీక్షలో అనుమానం వస్తే మాటను మొత్తంగా కింది పంక్తికి దించేయండి, ఎవరూ మార్కులు తీసేయరు.

పరీక్షల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. ఈ క్రియల్లో చాలా వాటికి అచ్చమైన ఫ్రెంచ్ ప్రత్యామ్నాయాలు ఉన్నాయి: స్కాన్ చేయడానికి ‘న్యు-మే-రి-జే’ (ఇక్కడ ‘జే’లో జెడ్ శబ్దం), చెక్ చేయడానికి ‘వే-రి-ఫ్యే’, కథ గుట్టు విప్పడానికి కెబెక్‌లో పుట్టిన ‘ది-వ్యుల్-గా-షే’. అధికారిక లేఖలో వీటినే వాడటం మర్యాద. ముఖాముఖి సంభాషణలో అరువు క్రియ వాడితే తప్పేమీ లేదు, సరిగ్గా పలికితే చాలు.

సరిచూసుకోవడం

మొదట గడ్డం పరీక్ష. గడ్డం కింద అరచేయి పెట్టుకొని క్రియను మెల్లగా పలకండి. గడ్డం ఎన్నిసార్లు దిగితే అన్ని సిలబుల్స్. మీ లెక్కను విక్షనరీలోని చుక్కలతో పోల్చండి. చుక్కల కంటే మీకు ఎక్కువ వస్తే చివర ఉ గాని, మొదట ఇ గాని చేర్చి ఉంటారు. తక్కువ వస్తే భవిష్యత్ రూపంలో నిలవవలసిన ఇను మింగి ఉంటారు.

రెండోది కాగితం పరీక్ష. పలుచటి కాగితాన్ని పెదవుల ముందు వేలాడదీసి ‘స్తొ-పే’, ‘కిద్-నా-పే’ అనండి. కాగితం కదిలితే ఇంగ్లీషు గాలి వస్తున్నట్టు.

మూడోది ఫోను పరీక్ష. వాయిస్ టైపింగ్‌ను ఫ్రెంచ్‌కు మార్చి ఒక్క మాట కాకుండా పూర్తి వాక్యం చెప్పండి, ఎందుకంటే విడి మాటను యంత్రం దగ్గరి శబ్దమున్న మరొక మాటగా రాసేస్తుంది. యంత్రం ‘స్కా-నే’ క్రియను రాస్తే మంచిదే, కాని జంట హల్లును ఒత్తినా, ‘ట’ అన్నా అది సర్దుకొని సరిగ్గా రాయగలదు. కాబట్టి ఇది సిలబుల్స్‌కు పరీక్షే గాని శబ్ద శుద్ధికి కాదు. దానికి మీ గొంతు రికార్డు చేసి నిఘంటువు ధ్వని వెంటనే వినడమే పద్ధతి. మొదటి అచ్చు కంటే తోకకు ముందున్న హల్లు మీదే చెవి పెట్టండి, తప్పు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు ఈ ఆరింటిని మీరే విడదీసి, ఆ తర్వాతే కింది వరుస చూడండి: రీట్వీట్ చేయు, అనుమతి లేకుండా ఖాళీ ఇంట్లో చొరబడి ఉండిపోవు (స్క్వాట్), ఫార్వార్డ్ చేస్తాను (భవిష్యత్), వాళ్లు స్పాయిల్ చేస్తారు, అమలు చేయు, గూగుల్‌లో వెతుకుతాను (భవిష్యత్).

జవాబులు: ర-త్వి-తే, మూడు. స్క్వా-తే, రెండు. ఫొర్-వార్-ద-రే, నాలుగు. సర్వనామాన్ని వదిలేస్తే ‘స్పొయ్‌ల్’, ఒక్కటే. ఎఁ-ప్లే-మాఁ-తే, నాలుగు. గు-గ్ల-రే, మూడు. నాలుగో దానికి రెండు అని వచ్చినవారు రెండో మెట్టుకు, చివరి దానికి రెండు అని వచ్చినవారు ఆరో మెట్టుకు వెనక్కి వెళ్లండి.